ఒకసారి రాస్తే చెరగని పలక

పది సర్క్యూట్ బోర్డులు చేయించుకోవాలంటే ఎవరి తలుపు తట్టాలి? రెండు డాలర్లకే అయిదు ఇస్తామనేవాళ్లున్నారు, వారం తిరక్కుండా చేతికిస్తామనేవాళ్లున్నారు. ఒక బోరుబావి దగ్గర మొదలైన వెతుకులాట ఇది.

కొరియర్ కవరు కోసి బోర్డు బయటికి తీయగానే మా బావ అన్న మొదటి మాట: "ఏందిరా ఇది, పలక ముక్కలాగుంది!"

ఆయనది మార్కాపురం దగ్గర పల్లె. పలకల రాయి తవ్వే చోట పుట్టి పెరిగిన మనిషికి నల్లగా, పలచగా, నాలుగు మూలలతో ఉన్నదేదైనా పలకే. నేనూ సరదాపడి ఆకుపచ్చ బదులు నల్లరంగు పూత అడిగాను మరి.

"పలకే బావా. కాకపోతే దీని మీద ఒకసారి రాస్తే తుడవలేం" అన్నాను గొప్పగా.

"అట్టయితే రాయించే ముందు ఇంకొకరికి చూపించుకోవాల్సింది గదరా."

ఆయన మాటవరసకే అన్నాడు. పది నిమిషాల తరవాత నాకు నోట మాట రాలేదు. బోర్డు నడిమధ్యలో ఉండాల్సిన కంత లేదు. పదింటిలోనూ లేదు.

ఆ కంత ఎందుకో చెప్పాలి. బోరులో నీళ్లు అడుగంటాక కూడా మోటారు తిరుగుతూ ఉంటే కాలిపోతుంది. నీళ్లు లేకుండా తిరిగే మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. ఆ తగ్గుదలని పసిగట్టి స్టార్టర్‌ని పడగొట్టే డబ్బాలు బజార్లో దొరుకుతాయి. మా బావకి అది చాలదు. మోటారు పడ్డాక ఊట ఊరేదాకా నలభై నిమిషాలు ఆగి తనే మళ్లీ వేయాలి, మూడోసారీ నీళ్లు అందకపోతే ఆ పూటకి మానేయాలి. జీరో బోర్డు మీద విడిభాగాలు అతికి, వెనకాల వైర్లు అల్లి, అలాంటిదొకటి కట్టిచ్చాను. ఒక వేసవంతా నడిచింది. చూసినవాళ్లు మాకూ అన్నారు. లెక్కేస్తే పది తేలాయి.

ఈ బోర్డుకి ఒక పక్క ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు, రెండో పక్క 5 వోల్టుల మీద బతికే చిప్పు. రెండింటికీ నడుమ సన్నటి పొడుగాటి కంత కోయిస్తే, దుమ్మూ తేమా పట్టిన బోర్డు మీదుగా కరెంటు పాకి అవతలికి రాదు. పొలంలో స్టార్టర్ డబ్బా లోపల ఏముంటుందో తెలిసిందే: బల్లి గుడ్లు, చీమలు, కందిరీగల మట్టిగూడు. అక్కడ కంత అలంకారం కాదు.

తప్పు నాదే. బోర్డు అంచులూ కంతలూ గీయాల్సింది ఎడ్జ్ కట్స్ అనే లేయర్‌లో. నేను అంచు అక్కడే గీసి, కంతని మాత్రం పక్కనున్న డ్రాయింగ్ లేయర్‌లో గీశాను. యంత్రం అంచు కోసింది, కంతని బొమ్మ అనుకుని వదిలేసింది. ఆ సాయంత్రం బావా నేనూ కూర్చుని రెండు కొసల్లో డ్రిల్లు వేసి, ఆక్సా బ్లేడు దూర్చి, ఒక్కో బోర్డూ కోసుకున్నాం. అది గాజునార కలిపిన రెసిన్. పొడి మెడ మీద పడితే రాత్రంతా దురద. రెండింటిలో బ్లేడు జారి ట్రాకులు తెగాయి, ఎనిమిది బతికాయి. వాటిలో ఒకటి బావ బోరుకి పెట్టాం. మిగతావి ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

పది అనే చిక్కు

పది అనేది ఎటూ కాని అంకె. ఒకటో రెండో అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. వెయ్యి అయితే ఫ్యాక్టరీవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఇంట్లో చేయడం మా తరం ఇంజినీరింగ్ పిల్లలకి ఒక దీక్ష. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి కాపర్ క్లాడ్ ముక్కా ఫెర్రిక్ క్లోరైడ్ పొట్లమూ కొనుక్కురావడం, సర్క్యూట్‌ని నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటు తీసి ఇస్త్రీ పెట్టెతో రాగి మీదకి అచ్చు దించడం, తుప్పు రంగు ద్రావణంలో ముంచి టబ్బుని అటూ ఇటూ ఊపుతూ కూర్చోవడం. నల్ల అచ్చు పడిన చోట రాగి నిలుస్తుంది, తక్కినదంతా కరిగిపోతుంది. ఆ నీళ్లు బనీను మీద పడితే బనీను చిరిగేదాకా మరక పోదు. ఇంత చేసినా వచ్చేది ఒక్క పక్క బోర్డే. రెండు పక్కలా ట్రాకులుండి, రంధ్రం లోపలి గోడకి కూడా రాగి పట్టాలంటే, మనవాళ్లు పీటీహెచ్ అనేది కావాలంటే, ఇస్త్రీ పెట్టె వల్ల కాదు.

ఆ రాగి పట్టించడమే అసలు పనితనం. డ్రిల్లు దిగిన రంధ్రం గోడ అంతా గాజునార, రెసిన్. కరెంటు పారదు కాబట్టి నేరుగా పూత ఎక్కదు. ముందు పల్లాడియం రేణువులు అంటించి, వాటి ఆసరాతో రసాయనికంగా పలచటి రాగి పొర పట్టించి, ఆ పొరకి కరెంటిచ్చి మందం పెంచుతారు. మంచి బోర్డులో ఆ గోడ మందం 20 నుంచి 25 మైక్రాన్లుంటుంది. ఇక్కడ పిసినారితనం చేస్తే కొన్నవాడికి ఆ రోజు తెలీదు. రెండు ఎండాకాలాలు వేడెక్కి చల్లారాక ఏదో ఒక రంధ్రంలో రాగి చిట్లుతుంది. బోర్డు ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు మొరాయిస్తుంది. మెకానిక్ చిప్పుని తిడతాడు.

ఇంత తతంగం పది బోర్డుల కోసం ఒక ఫ్యాక్టరీ ఎందుకు నడుపుతుంది? నడపదు. ఫ్యాక్టరీలో పని జరిగేది పెద్ద షీటు మీద. 18 అంగుళాలకి 24 అంగుళాలు మామూలు కొలత. ఒకప్పుడు ఆ షీటు ఖర్చూ, ఫిల్ములూ, డ్రిల్లు సెటప్పూ అంతా ఒక్క గిరాకీ నెత్తినే పడేది. ఇప్పుడు ఊరూ పేరూ తెలియని పాతికమంది బోర్డుల్ని ఒకే షీటు మీద సర్దుతారు. షేర్ ఆటో అన్నమాట. చవక రహస్యమంతా అదే, ఇబ్బందీ అదే. షేర్ ఆటో మెయిన్ రోడ్డు మీదే పోతుంది. బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు, రాగి 35 మైక్రాన్లు, రంగు ఆకుపచ్చ, రెండు పొరలు: ఇవి మెయిన్ రోడ్డు. "నా మోటారు కరెంటుకి రాగి 70 మైక్రాన్లు కావాలండీ" అన్నామా, ఆటో మనం ఒక్కళ్లమే మాట్లాడుకోవాలి. ధర చూసి ఉలిక్కిపడతాం. నేను అదే 35 మైక్రాన్లలో ట్రాకుని వెడల్పు చేసుకుని, దాని మీద పూత లేకుండా వదిలి, పైన టంకం పోసుకున్నాను. ముతక పనే, కానీ నడిచింది.

ఈ షేర్ ఆటోలు ఊరికో తీరు. అమెరికాలోని ఆష్ పార్క్‌ది ఊదారంగు. పోర్ట్‌లాండ్‌లో కొందరు సరదారాయుళ్లు చందాలేసుకుని కలిసి ఇచ్చిన ఆర్డర్లే పెరిగి ఆ వ్యాపారమయ్యాయి. ఇప్పటికీ బోర్డులు మూడేసి చొప్పునే అమ్ముతారు, ధర చదరపు అంగుళాల లెక్కన. చిటికెన వేలు గోరంత బోర్డుకి అదే లాభం, అరచేయంత దానికి దండగ. చైనాలో షెన్‌జెన్ కేంద్రంగా ఉన్న జేఎల్‌సీపీసీబీ లాంటివాళ్లు 100 మిల్లీమీటర్ల చదరం లోపు ఉంటే అయిదు బోర్డులకి రెండు డాలర్లంటూ పిలుస్తారు. బెల్జియంలోని యూరోసర్క్యూట్స్ ధరలో దిగదు, ఫైలు తనిఖీలో గట్టి. మన దగ్గర బెంగళూరులో లయన్ సర్క్యూట్స్, గాంధీనగర్‌లో పీసీబీ పవర్ లాంటివి ఫైలు ఎక్కించగానే ఆన్‌లైన్‌లో ధర చెబుతాయి. ఇక హైదరాబాద్‌లో కుషాయిగూడ, చర్లపల్లి వైపు చిన్న యూనిట్లు ఉండనే ఉన్నాయి. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాక ఆ చుట్టుపక్కల పుట్టుకొచ్చిన ఎలక్ట్రానిక్స్ వాతావరణం అది. అక్కడికి పోతే స్కూటర్ ఆపి, లోపలికెళ్లి, పనిచేసే మనిషితో మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌లో ఆ సుఖం లేదు.

రెండు డాలర్ల లెక్క

ఆ రెండు డాలర్ల మీద ఒక మాట. అది అబద్ధం కాదు. కాకపోతే కొబ్బరికాయ ధర చెప్పి, గుడికి ఆటో ఖర్చు చెప్పకపోవడం లాంటిది. కొరియర్ బోర్డులకన్నా ఎక్కువవుతుంది. కస్టమ్స్‌వాళ్లు ఆధారో పాన్‌కార్డో అడుగుతారు, పన్ను కట్టించుకుంటారు. పైగా చైనా, హాంకాంగ్‌ల నుంచి వచ్చే ఆరు పొరల దాకా ఉన్న బోర్డుల మీద 2024లో మన ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. జనవరి ఆఖరికో ఫిబ్రవరికో అక్కడి కొత్త సంవత్సరం వస్తుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు షెన్‌జెన్ ఖాళీ అవుతుంది. ఆ వారాల్లో ఆర్డర్ ఇచ్చి "ఎక్కడిదాకా వచ్చింది?" అని రోజూ చూసుకున్న అమాయకుణ్ని నేను ఎరుగుదును. అద్దంలో కనపడతాడు.

దేశీ కొటేషన్లలో తికమక ఇంకో రకం. బోర్డు ధర ఒకటి, టూలింగ్ అని ఒకటి, బీబీటీ అని ఒకటి, వాటి మీద జీఎస్టీ. టూలింగ్ మొదటిసారికే. అదే బోర్డు మళ్లీ చేయిస్తే పడకూడదు, అడిగి రాయించుకోవాలి. బీబీటీ అంటే ఖాళీ బోర్డు మీద ప్రతి ట్రాకూ కొస నుంచి కొసదాకా ఉందా, పక్కదానికి తగిలిందా అని కరెంటుతో పరీక్షించడం. కొద్ది డబ్బులకి చూసుకుని దాన్ని వద్దనేవాళ్లుంటారు. రెండు పొరల బోర్డుకి మల్టీమీటరుతో మనమే చూసుకోవచ్చుగా అంటారు. నూట యాభై రంధ్రాలున్న బోర్డుని మల్టీమీటరుతో ఒక్కసారి చూసినవాడు రెండోసారి ఆ మాట అనడు.

వెబ్‌సైట్లలో "మేం ఇంత సన్నం చేయగలం" అనే పట్టిక ఒకటి ఉంటుంది. ట్రాక్ 5 మిల్స్, అంటే అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు, రంధ్రం 0.3 మిల్లీమీటర్లు, అలా. చాలామంది దాన్ని చూసే ఎంచుకుంటారు. పన్నెండడుగుల లారీ పన్నెండడుగుల సందులో పడుతుంది, నిజమే. ఎవరైనా తోల్తారా? చోటు ఉన్నంతసేపు నేను 10 మిల్స్‌కి తగ్గను. అంత సన్నం అవసరమే లేని బోర్డుకి అంత సన్నం చేయగలవాణ్ని వెతకడం దండగ పని.

మూడో జవాబు

ఆక్సా బ్లేడు రాత్రి తరవాత నాకు పంతం పట్టింది. అదే ఫైలు, కంత తప్పు లేయర్‌లో ఉన్నది ఉన్నట్టే, ఒక్క గీత మార్చకుండా ఇంకో ముగ్గురికి కొటేషన్ కోసం పంపాను. రెండు చోట్ల నుంచి ధర వచ్చింది. మూడో చోటి నుంచి మర్నాడు మెయిల్ వచ్చింది. ధర లేదు, రెండు ప్రశ్నలున్నాయి.

మొదటిది: డ్రాయింగ్ లేయర్‌లో రెండు మిల్లీమీటర్ల వెడల్పున పొడుగాటి ఆకారం ఒకటి కనపడుతోంది, ఎక్కువ వోల్టేజీ ట్రాకుల పక్కనే ఉంది, అది కోయాల్సిన కంతా, ఊరికే గుర్తా? రెండోది: నాలుగు మూలల్లో మరమేకుల రంధ్రాలకి లోపల రాగి పూత కావాలా, వద్దా? పూత ఉంటే ఇనప డబ్బాకి తగిలే మరమేకు మీ గ్రౌండ్ ట్రాకుకి కూడా తగులుతుంది, ఉద్దేశపూర్వకమేనా? జవాబు వచ్చాక ధర పంపుతాం.

రెండో ప్రశ్న చదివి లేచి నిలబడ్డాను. అది నాకు తట్టనే లేదు. మొదటి పది బోర్డుల్లోనూ ఆ తప్పు ఉంది. కంత గొడవలో పడి ఎవరం చూడలేదు.

ఫైలు తెరిచి చూసిన మనిషి ఒకడు ఆ చివర ఉన్నాడని ఆ మెయిల్ చెప్పింది. జాకెట్టు గుడ్డ తీసుకుని కొలతలు రాసుకుని చీటీ ఇచ్చే టైలర్లు బజారంతా ఉంటారు. "చంకలో బిగుతవుద్దమ్మా, అరంగుళం వదలనా?" అని అడిగే ఆయన దగ్గరికే మా అక్క బస్సెక్కి పోతుంది. నాకు అప్పటిదాకా ఆ బస్సు ఖర్చు వింతగా ఉండేది.

పరిశ్రమలో దీన్ని ఈక్యూ అంటారు. పని మొదలెట్టే ముందు ఫ్యాక్టరీ ఇంజినీరు పంపే సందేహాల పట్టీ. దాన్ని విసుక్కునేవాళ్లే ఎక్కువ, ఒక రోజు పోయిందే అని. చవగ్గా చేసేవాళ్లు ఆ రోజుని మిగిల్చే చవగ్గా చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఫైలు చూస్తుంది, యంత్రం ఫైలులో ఉన్నది చేస్తుంది. న్యాయంగా చూస్తే నా మొదటి పది బోర్డులు చేసినవాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు. నేను రాసిందే చేశారు. ఫైలు శుభ్రంగా ఉందని నూటికి నూరుపాళ్లు తెలిసినవాడు వాళ్ల దగ్గరికే పోవాలి. నేనూ ఇప్పుడు అరిగిపోయిన పాత డిజైన్లు అక్కడే చేయిస్తాను. కొత్త బోర్డు మాత్రం, అందులోనూ కరెంటు స్తంభం నుంచి నేరుగా వచ్చే వోల్టేజీ ఉన్నది, అడిగేవాడి చేతిలోనే పెడతాను. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మూడో రకం ఒకటుంది, దానికి దూరం. అడక్కుండా దిద్దేవాళ్లు. "మీ ట్రాకులు సన్నగా ఉన్నాయని వెడల్పు చేశాం" అని బోర్డులు వచ్చాక చెబుతారు, ఒక్కోసారి అదీ చెప్పరు. అడక్కుండా వదిలేసేవాడికన్నా అడక్కుండా దిద్దేవాడు ప్రమాదం. వదిలేసింది కంటికి కనపడుతుంది.

వియన్నా నుంచి ఇద్దరు

మనం పంపే ఆ ఫైలుని గెర్బర్ అంటారు. దేశం ఏదైనా, ఫ్యాక్టరీ ఏదైనా అదే భాష. జోసెఫ్ గెర్బర్ అనే ఇంజినీరు పేరది. వియన్నాలో పుట్టి, నాజీల చేతిలోంచి బయటపడి 1940లో అమెరికా చేరాడు. ఆయన కంపెనీ తయారుచేసిన ప్లాటర్ యంత్రాలతో మాట్లాడటానికి పుట్టిన భాషే ఇన్నేళ్లకీ నిలిచింది. చిత్రమేమంటే ప్రింటెడ్ సర్క్యూట్‌కి ఆద్యుడనే పాల్ ఐస్లర్‌దీ వియన్నాయే. ఆయనా యూదుడే. 1936లో లండన్ చేరి, రాగిరేకుని చెక్కి వైర్ల పని చేయించిన రేడియో కట్టాడు. ఒక కంపెనీకి చూపిస్తే, వైర్లు అతికే ఆడపిల్లల కూలీ ఇంతకన్నా చవకని పంపించేశారట. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్లు ఫిరంగి గుండ్ల ఫ్యూజుల్లో వాడాక గానీ ప్రింటెడ్ సర్క్యూట్ గొప్ప లోకానికి తెలీలేదు. 1948లో ఆ పద్ధతి సైన్యం దాటి బయటి వ్యాపారాల్లోకి వచ్చింది. ధర ఒక్కటే చూసి మంచి బోర్డుని వద్దన్న మొదటి గిరాకీ ఆ కంపెనీయే అనుకుంటాను.

ఇప్పుడు డిజైన్‌కి డబ్బు కూడా అక్కర్లేదు. 1992లో ఫ్రాన్స్‌లో జాఁ-పియెర్ షరా మొదలెట్టిన కీక్యాడ్ ఉచితం. నేను వాడేది అదే. అందులోనే గెర్బర్ ఫైళ్లని తిరిగి తెరిచి చూసే కిటికీ ఉంది. పంపేముందు ఒక్కో పొరా ఆర్పుతూ వెలిగిస్తూ చూస్తే నా కంత గొడవ ఆ రోజే బయటపడేది. తీరిక లేక చూడలేదు. ఆక్సా బ్లేడుకి మాత్రం ఒక సాయంత్రం దొరికింది.

బంగారమేనా?

రెండో విడత పది బోర్డులు పన్నెండో రోజున వచ్చాయి. గాలి తీసేసిన ప్లాస్టిక్‌లో బిగదీసి, పక్కన తేమ పీల్చే పొట్లం. ఈసారి బుద్ధిగా ఆకుపచ్చ. నల్లపూత కింద ట్రాకులు కనపడవు, రిపేరు చేసేవాడికి నరకం.

వచ్చిన బోర్డుని ముందు వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటాను. ప్రతి రంధ్రం చుట్టూ రాగి వలయం ఉంటుంది. సున్నా నడిమధ్య చుక్క పెట్టినట్టు రంధ్రం దాని మధ్యలో ఉండాలి. అన్ని రంధ్రాలూ ఒకే పక్కకి జరిగి ఉంటే డ్రిల్లు సర్దుబాటు తప్పింది. వలయం తెగి రంధ్రం బయటికి తొంగి చూస్తే ఆ విడత మొత్తం అనుమానమే. తరవాత గోరు. పూత అంచు మీద గీకితే పెచ్చులు లేవకూడదు. అక్షరాలు, అదే లెజెండ్, ప్యాడ్ల మీదకి ఎక్కకూడదు. అంచున నార పీచులు రేగితే రౌటర్ బిట్టు అరిగిందని అర్థం. చివరికి మల్టీమీటరు: 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య బీప్ రాకూడదు. ఈసారి ఇంకో పనీ చేశాను. మొదటి విడతలో చెడిపోయినదాన్నీ కొత్తదాన్నీ రంధ్రం నడిమికి అడ్డంగా కోసి, గరుకు కాగితంతో నున్నగా అరగదీసి, ఫోనుకి భూతద్దం అడ్డుపెట్టి చూశాను. రెండింటిలోనూ గోడ వెంట ఎర్రటి రాగి గీత కొస నుంచి కొసదాకా తెగకుండా ఉంది. చవక బోర్డు ఆ విషయంలో ఏమీ తక్కువ చేయలేదు. ఒప్పుకోవాలి.

వంటింట్లోంచి వచ్చిన మా అక్క ఒక బోర్డు తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూసింది. ప్యాడ్లు పచ్చగా మెరుస్తున్నాయి.

"ఇది బంగారమేనా?"

"బంగారమే అక్కా."

"నిజం బంగారమా?"

నిజం బంగారమే. రాగి తుప్పు పట్టకుండా ముందు నికెల్ వేసి, దాని మీద బంగారం పొర పట్టిస్తారు. మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు మందం. పది బోర్డుల్నీ గీకినా ముక్కుపుడకలో రాయి చుట్టూ తీగకి కూడా రాదు. మామూలుగా అయితే కరిగిన టంకంలో ముంచి వేడిగాలితో ఊదేస్తారు, చవక, చేత్తో అతికేవాళ్లకి అది చాలు. నా చిప్పు కాళ్లు మరీ సన్నం కాబట్టి సమతలంగా ఉండే బంగారం పూత అడిగాను. ఇదంతా చెబుతుండగానే అక్క బోర్డు బల్ల మీద పెట్టేసి లోపలికెళ్లిపోయింది.

బోర్డులు చేసే ఈ పరిశ్రమని మన దేశంలో నిలబెట్టాలని ప్రభుత్వాలు గట్టిగానే అంటున్నాయి. 2025 మార్చిలో కేంద్రం ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది, బోర్డులు అందులో ఉన్నాయి. అదే ఏడాది సిర్మా ఎస్‌జీఎస్ కంపెనీ నాయుడుపేటలో పీసీబీ ఫ్యాక్టరీ పెడతానంది. రావాలి, మంచిదే. ఆ ఫ్యాక్టరీ వచ్చినా నా పది బోర్డులు అక్కడ పడవు. లక్షల్లో చేసే చోట పది చేయమంటే పెళ్లి వంటవాళ్లని పిలిచి ఉప్మా చేయమన్నట్టుంటుంది. పది చేసే యూనిట్లు వేరు, వాటి యజమానులు వేరు. వాళ్ల కోసం ఏ పథకం వస్తుందో చూడాలి.

రెండో విడత బోర్డులు తొమ్మిది స్టార్టర్ డబ్బాల్లోకి ఎక్కాయి, కోసి చూసినది పోగా. ఆక్సా బ్లేడు బోర్డుని కూడా పీకేశాం. ఇప్పుడు మరో పదిహేను అడుగుతున్నారు, ఈసారి మోటారు పడితే ఫోనుకి మెసేజ్ రావాలట. బోర్డు మళ్లీ మొదట్నుంచీ గీశాను, మొన్న పంపాను. రాత్రి బావ ఫోన్ చేశాడు.

"పలకలు పంపావా?"

"పంపాను."

"వాళ్లేమన్నా అడిగారా?"

"మూడు అడిగారు బావా. యాంటెన్నా కింద రాగి ఉండాలా తీసేయాలా అని ఒకటి..."

"నాకు చెప్పబాకలే" అన్నాడు. "అడిగారుగా. చేయించు."